ప్రియమైన బెల్లం గారూ

సెప్టెంబరు 5, శుక్రవారం

నన్ను ఎడిటర్ని చేశారు. ఎందుకు చేశారో కూడా మొహమాటం లేకుండా చెప్పారు.

మస్కట్‌లో, రూవి పేటలో ఒక హోటల్ మేడమీద మన తెలుగు సమితి మీటింగు. ప్రెసిడెంట్ నాగేంద్రప్రసాద్ గారు మిర్చిబజ్జీ చేత్తో పట్టుకుని, "ఏవమ్మా మనోజ్ఞా, నీకు మొగుడూ పిల్లలూ జంజాటం ఏవీ లేదు కదా. మన ఈమెయిల్ పత్రిక నువ్వు చూసుకోకూడదూ?" అన్నారు. ఆయన భార్య శేషుకుమారి గారు టేబుల్ కింద ఆయన కాలు గట్టిగా తొక్కబోయి నా కాలు తొక్కారు. "ఊఁ" అని మూలిగాను. ఒప్పుకున్నట్టు మినిట్స్‌లో రాసేశారు.

ఇంతవరకూ ఆ పత్రిక అంటే పధ్నాలుగు పేజీల పీడీఎఫ్. మొదట ప్రెసిడెంటు గారి సందేశం. తర్వాత ప్రెసిడెంటు గారికి శాలువా కప్పుతున్న ఫోటోలు. ఆ తర్వాత ప్రెసిడెంటు గారు ఇతరులకి శాలువా కప్పుతున్న ఫోటోలు. ఈ ఎండల్లో శాలువా ఫోటో చూస్తేనే చెమట పడుతుంది.

మొగుడు లేడని ఎవరైనా జాలిపడితే నాకు కోపం రాదు, నవ్వొస్తుంది.

కోపమే వస్తుంది.

సెప్టెంబరు 7

పాత సంచికలు ఎంతమంది తెరిచారో సాఫ్ట్‌వేర్‌లో చూశాను. వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకళ్ళు నేను, పొరపాటున. మిగతావి ప్రెసిడెంటు గారి ఫోను, ప్రెసిడెంటు గారి ఐప్యాడు, ప్రెసిడెంటు గారి ఆఫీసు కంప్యూటరు.

నాతో ఈ మవాలే పేటలో ఫ్లాట్ పంచుకునే షైస్తాకి చెప్తే పడీపడీ నవ్వింది. హైదరాబాదు టోలీచౌకి పిల్ల, ఇక్కడ స్కూల్లో లెక్కల టీచరు. "పధ్నాలుగు పేజీలా? అరే యార్, మా భాయ్ షాదీ కార్డే పూరా చదవలే నేను" అంది.

సెప్టెంబరు 9

ఆన్‌లైన్‌లో విజయవాడ ఆవిడ ఎవరో ఈమెయిల్ పత్రికలు ఎలా రాయాలో క్లాసు చెప్తుంటే చేరాను. గొంతు వింటే ట్యూషన్ మాస్టారమ్మలా ఉంది. ఒక ఉత్తరంలో ఒకటే సంగతి ఉండాలట. పైన పెట్టే సబ్జెక్టు లైను చదివితే తెరవకుండా వేలు ఆగకూడదట. వెళ్ళిపోవాలనుకునే వాళ్ళకి అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ కనిపించేలా పెట్టాలట. చివరగా ఒక మాట అంది.

"అందరికీ రాస్తే ఎవరికీ రాయనట్టేనమ్మా. ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ మనిషికి రాయండి."

ఎవర్ని కూర్చోబెట్టుకోను? షైస్తాకి తెలుగు చదవడం రాదు. అమ్మకైతే "అన్నం తిన్నావా" దాటి పోదు ఉత్తరం. చివరికి ఇడ్లీ కుక్కర్ని టేబుల్ మీద పెట్టుకుని రాశాను. మంచి శ్రోత. మధ్యలో మాట్లాడదు.

బటన్ సంగతి చెప్పగానే ప్రెసిడెంటు గారు ఫోన్‌లోనే అదిరిపడ్డారు. "బయటికి పోడానికి మనవే తలుపు తీసి పెట్టడవేంటమ్మా?"

"గడియ పెట్టి కూర్చోబెడితే వాళ్ళు చదువరులు కాదు సార్, ఖైదీలు" అన్నాను. ఆ డైలాగు నాకే నచ్చి రోజంతా అనుకుంటూ తిరిగాను.

సెప్టెంబరు 11, గురువారం

మధ్యాహ్నం పంపేశాను. రేపు సెలవు కాబట్టి జనం తీరిగ్గా చూస్తారు. ప్రెసిడెంటు గారి సబ్జెక్టు లైను "ద్వైమాసిక సమాచార సంచిక – రివైజ్డ్ – ఫైనల్" అని ఉండేది. నేను పెట్టింది:

రూవిలో గోంగూర దొరికింది.

లోపల ఒక పేజీ. ఏ కొట్టులో, ఏ రోజు వస్తుంది, ఎర్ర కాడా తెల్ల కాడా, అంతే. పైన ప్రతివాళ్ళనీ పేరుతో పలకరించేలా కూడా పెట్టాను. మెంబర్ల జాబితాలోంచి సాఫ్ట్‌వేరే పేరు తీసుకుంటుంది. ఎంత ఆధునికంగా ఉందో!

సెప్టెంబరు 12

కొంప మునిగింది.

సాఫ్ట్‌వేరు తీసుకున్నది జాబితాలో "ఫస్ట్ నేమ్" కింద ఉన్న మాట. మనవాళ్ళు ఫస్ట్ అంటే ముందు రాసేది అనుకున్నారు. మనం ముందు రాసేది ఇంటిపేరు! సమితి మొత్తం ఒక్కళ్ళూ తప్పకుండా ఇంటిపేరే రాశారు. నేను కూడా.

ప్రియమైన వంకాయల గారూ. ప్రియమైన మిరియాల గారూ. ప్రియమైన కాకర గారూ. గోంగూర ఉత్తరం కాస్తా కూరగాయల మార్కెట్టయింది. సన్నగా పుల్లలా ఉండే శ్రీలత గారికి "ప్రియమైన ఏనుగు గారూ" అని వెళ్ళింది. ఆవిడ డైటింగ్‌లో ఉన్నారట.

పొద్దున్నే ఫోన్. "ఏవమ్మా! ప్రెసిడెంటుని పట్టుకుని ప్రియమైన తోటకూర అంటావా?"

"మీ ఇంటిపేరే కదా సార్."

"ఇంటిపేరయితే మాత్రం! విడిగా అంటే ఎలా ఉంటుందో తెలీదూ?"

వెనకనించి శేషుకుమారి గారి నవ్వు. తర్వాత ఆవిడ గొంతు, "ఏమండీ, తోటకూర గారూ, కాఫీ చల్లారిపోతోంది."

ఏమండీ. ఆ మాట నేను నోటితో అనడం మానేసి మూడేళ్ళయింది. కొట్టువాణ్ణి భయ్యా అంటాను. దారిలో ఎవరిదైనా పర్సు పడిపోతే హలో అని అరుస్తాను. పెళ్ళయిన నాటినుంచి విడాకుల దాకా ఒక మనిషిని ఆ మాటతో పిలిచాను, అతను ఫోన్‌లోంచి తల ఎత్తితే ఒట్టు. నా వాటా ఏమండీలన్నీ ఖర్చయిపోయాయి.

కానీ ఎంతమంది తెరిచారో చూడాలి! దాదాపు అందరూ! జవాబులే జవాబులు! తిట్టినవాళ్ళు కూడా కింద "గోంగూర అయిపోయిందట, మళ్ళీ ఎప్పుడు" అని అడిగారు.

సెప్టెంబరు 13

ఒక జవాబు ఇక్కడ ఎక్కించుకుంటాను, ఊరికే, భాష బాగుందని. సూర్ నుంచి, మస్కట్‌కి దూరంగా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. బెల్లం జితేందర్ అట. జగిత్యాల దగ్గర ఊరు. అక్కడ ఏదో ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరు.

"నమస్తే మేడం. పుట్టినకాడికెళ్ళి నన్ను ఎవ్వలు ప్రియమైన బెల్లం అనలే. ఇంట్ల జితూ అంటరు, సైట్ల సేఫ్టీ అంటరు. మీ ఉత్తరం సదివినంక చాయ్‌ల చక్కెర ఏసుకునుడు మర్శిపోయిన. తియ్యగనే ఉండె. గోంగూర మా సూర్ దాక రాదు గని ఉత్తరం వచ్చింది, గంతే చాలు."

భాష బాగుంది. అందుకే ఎక్కించుకున్నాను.

సెప్టెంబరు 14

మళ్ళీ చదివాను. భాష నిజంగానే బాగుంది.

సెప్టెంబరు 18

కూర్చుని ఇంటిపేర్లూ పేర్లూ అన్నీ చేత్తో సరిచేశాను. రెండో ఉత్తరం వెళ్ళింది, ఇకనుంచి ప్రతి గురువారం ఒకటి. సబ్జెక్టు లైను: "క్షమించండి వంకాయల గారూ". ఈసారి ఎవరి పేరు వాళ్ళకి.

సాయంత్రానికల్లా సూర్ నుంచి జవాబు: "పేరు సక్కగైంది. గని బెల్లమే మంచిగుండె."

షైస్తా కళ్ళు చికిలించి, "ఎందుకు నవ్వుతున్నవ్ ఒక్కదానివే?" అంది. ఆఫీసు విషయం అన్నాను. మా ఆఫీసులో టైల్స్, కొళాయిలు అమ్ముతారు. ఆ విషయాలకి ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు.

సెప్టెంబరు 25

ఇడ్లీ కుక్కర్ని అల్మారాలో పెట్టేశాను. టేబుల్ మీద చోటు చాలడం లేదని.

సరే, అబద్ధం ఎందుకు. ఇక్కడ చదివేది నేనే కదా. ఎదురుగా మనిషిని మార్చాను. ఒక్క మనిషికి రాయమన్నారు, రాస్తున్నాను. క్లాసులో చెప్పిన పద్ధతి అది. ఆ మనిషి సూర్‌లో ఉండటం కాకతాళీయం.

ఇవాళ్టి ఉత్తరం ఇక్కడి దారుల గురించి. మవాలేలో దారి తప్పితే ఎలా ఉంటుందో, తప్పిన దారిలో మంచి చాయ్ దొరికితే ఎంత బాగుంటుందో రాశాను. ఇంతకుముందెప్పుడూ చదవనంత మంది చదివారు. శేషుకుమారి గారు ఫోన్ చేసి, "అమ్మాయ్, నువ్వేం రాశావో తెలీదు గానీ, చదివాక మీ బాబాయి గారిని చాయ్‌కి తీసుకెళ్ళమన్నాను. పెళ్ళయ్యాక మొదటిసారి దారి తప్పాం. బావుంది" అన్నారు.

నేను ఒక్కరికి రాస్తే మస్కట్ అంతా ప్రేమలో పడుతోంది!

ప్రేమ అని ఎందుకు రాశాను? చాయ్‌లో అని రాయబోయాను.

అక్టోబరు 3, శుక్రవారం

రాయాలి. అన్నీ రాయాలి. చెయ్యి ఆగడం లేదు.

రూవి హాల్లో సమితి దసరా పండుగ. గులాబ్ జామూన్ లైన్లో నిలబడ్డాను. వెనకనుంచి, "మేడం, మీరు ఉత్తరాల మేడమే గద?" తిరిగి చూస్తే పొడుగు మనిషి, నుదుటి మీద హెల్మెట్ పట్టీ గుర్తు, చేతిలో పేపర్లో చుట్టిన పొట్లం.

"జితేందర్. సూర్." పొట్లం నా చేతిలో పెట్టాడు. "ఊరికెళ్ళి మా చెల్లె పంపింది. పేరు నిలవెట్టుకోవాలె గద."

బెల్లం! గట్టి అచ్చు బెల్లం! గులాబ్ జామూన్ లైను ఎటుపోయిందో నాకు తెలీదు.

పక్కన కుర్చీల్లో కూర్చున్నాం. నలభై ఏళ్ళు. పెళ్ళి కాలేదు. "చెల్లెండ్లవి చేసుకుంట పోయిన. అయ్యేటాలకు నా పెండ్లి సంగతి అందరు మర్శిపోయిండ్రు. నేను సుత" అని తనే నవ్వాడు. నేను కూడా నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేశాను. అయ్యో పాపం అనలేదు. "మంచిగనే బయటపడ్డరు" అన్నాడు, సైట్లో ఎవరో నిచ్చెన మీద నుంచి క్షేమంగా దిగినట్టు.

అంతలో స్టేజీ మీద నుంచి శేషుకుమారి గారు "ఏమండీ!" అని కేకేశారు. హాల్లో సగం మంది మగాళ్ళు తిరిగి చూశారు. జితేందర్ ఒక్కడే కదల్లేదు.

"మీరు చూడలేదేం?"

"నన్నెవ్వలు అట్ల పిలుస్తరు మేడం? నా మెడకు ఆ పని లేదు." మళ్ళీ తనే, "మా దిక్కు మా అవ్వ మా బాపును 'ఇగో' అంటది. మీ దిక్కు ఏమండీ అంటరు గద, ఇంటాంటె ఎంత మంచిగుంటది" అన్నాడు.

"నేను మాత్రం ఆ మాట ఈ జన్మలో మళ్ళీ ఎవర్నీ అనను" అన్నాను. ఠక్కున. ఎవరూ అడక్కుండానే.

అతను తల ఊపాడు. "అనకుండ్రి. ఎవ్వలన్న బలిమి జేస్తున్నరా?" అని జామూన్ తెచ్చిచ్చాడు.

అంత మంచి సాయంత్రంలో ఆ మాట ఎందుకన్నాను? ఇప్పుడు ఇల్లంతా తిరుగుతున్నాను. షైస్తా బెల్లం ముక్క కొరుక్కుంటూ నన్నే చూస్తోంది. ఇంకో ముక్క అడిగితే నేనివ్వలేదు.

అక్టోబరు 10

కొత్తగా చేరేవాళ్ళకి ఫారం తయారుచేశాను. ఫస్ట్ నేమ్ లేదు, లాస్ట్ నేమ్ లేదు. ఒకటే ప్రశ్న: "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" ఏం రాస్తే ఉత్తరంలో "ప్రియమైన" పక్కన అదే వస్తుంది. నింపాక ఒక మెయిల్ వెళ్తుంది, అందులో "అవును, నేనే" అని నొక్కితే చేరినట్టు.

ఎంత సరదాగా నింపుతున్నారో! ఒకాయన "బాస్". ఒకావిడ "చిట్టి", ఆవిడ మనవరాలికే పెళ్ళీడు. తోటకూర వారి బావమరిది "గౌరవనీయులు".

అక్టోబరు 16

ఈ వారం ఉత్తరం ఆ ఫారం గురించే. పేరు పెట్టి ఎవరైనా పిలుస్తారు, మనకి నచ్చిన పిలుపుతో పిలిచేవాళ్ళు ఉండటం అదృష్టం అని రాశాను. సూర్ వైపు చూస్తూ రాశాను. ఇంటి గోడ సూర్ వైపే ఉంది మరి.

సూర్ నుంచి జవాబు: "ఆ ప్రశ్న మా అసొంటి పాతోళ్ళను అడగరా మేడం? కొత్తోళ్ళకేనా?"

"కొత్తవాళ్ళకే. పాతవాళ్ళ పేర్లు నేనే సరిచేశాను కదా" అని రాశాను. ఎంత తెలివైనదాన్నో.

అక్టోబరు 23, గురువారం

దీపావళి ఉత్తరం పంపాను. ఇంతకన్నా బాగా నేనెప్పుడూ రాయలేదు. పంపేటప్పుడు గుండె టపాకాయలా ఉంది.

సాయంత్రం

ఒకరు అన్‌సబ్‌స్క్రైబ్ చేశారు.

బెల్లం జితేందర్.

అక్టోబరు 24

ఒక చదువరి పోతే ఏమవుతుంది? ఏమీ కాదు. అందరూ ఉన్నారు. బటన్ పెట్టింది నేనే. వెళ్ళే హక్కు ఎవరికైనా ఉంటుంది. ప్రెసిడెంటు గారు "చూశావా, తలుపు తీసి పెడితే ఏవయిందో" అన్నారు. నవ్వాను. నేను చాలా బాగా నవ్వాను.

అక్టోబరు 25

బెల్లం డబ్బా పై అరలో పెట్టాను.

అక్టోబరు 26

కింది అరలోకి దించాను. పైన చీమలు.

మెయిల్ రాసి చెరిపాను. "మీ సలహాలు మాకు ముఖ్యం, ఎందుకు వెళ్ళిపోయారో తెలపగలరు" అని మొదలుపెట్టాను, సాఫ్ట్‌వేర్ ఇచ్చే తయారీ వాక్యం. మళ్ళీ రాస్తే "జితేందర్ గారూ" దాటి ముందుకి పోలేదు. దసరా రోజు నేనన్న మాటకే వెళ్ళిపోయాడు. ఈ జన్మలో అనను అని మొహం మీద చెప్తే ఏ మనిషి కూర్చుంటాడు?

అక్టోబరు 30

ఉత్తరం పంపలేదు. సర్వర్ సమస్య అని చెప్పాను. షైస్తా నా ఎదురుగా కూర్చుని, "నీ సర్వర్‌కి జ్వరమా?" అంది. ఏడ్చాను. హాయిగా, గట్టిగా, వంటింటి గట్టు మీద కూర్చుని. ఇష్టం, నాకు ఆ మనిషంటే ఇష్టం అని బయటికే చెప్పాను. అది "పూరా మస్కట్‌కి తెలుసు, నీకొక్కదానికే ఇయ్యాల తెలిసింది" అని టీ పెట్టింది.

నవంబరు 1, శనివారం

నిలబడే రాస్తున్నాను. అక్షరాలు ఎలా వస్తే అలా.

ప్రెసిడెంటు గారు ఫోన్. "ఏవమ్మా, మా బావమరిది ఎప్పుడో ఫారం నింపాట్ట, ఒక్క ఉత్తరం కూడా రాలేదంటున్నాడు. గౌరవనీయులు అని రాసినవాడికి ఇదా గౌరవం?"

విసుక్కుంటూ సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఫారం నింపాక "అవును, నేనే" అని నొక్కనివాళ్ళు విడిగా ఒక చోట ఉంటారట. నేనెప్పుడూ అటు చూడలేదు. తెరిస్తే గౌరవనీయులు అక్కడే ఉన్నారు. మేం పంపిన మెయిల్ ఆయన స్పామ్‌లో పడి ఉంటుంది.

గౌరవనీయుల కింద ఇంకొకరు. చేరిన తేదీ అక్టోబరు 23. నేను దీపావళి ఉత్తరం పంపిన సాయంత్రమే. ఈమెయిల్ చిరునామా అతనిది. సూర్. జితేందర్!

వెళ్ళిపోలేదు. పాతవాళ్ళని ఆ ప్రశ్న అడగం అని చెప్పాను కదా నేను. అందుకని బయటికెళ్ళి, కొత్తవాడిలా మళ్ళీ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. అప్పటినుంచి నిలబడే ఉన్నాడు. నేనేమో అవతల గదిలో ఏడుస్తున్నాను.

మిమ్మల్ని ఏమని పిలవమంటారు?

అతను రాసింది: ఏమండీ.

చదివాను. లేచి కిటికీ దాకా వెళ్ళాను. వచ్చి మళ్ళీ చదివాను. అదే ఉంది. ఎంత పొగరు! సేఫ్టీ ఆఫీసరు చేసే పనేనా ఇది? ఈ జన్మలో అనను అంటే బలిమి చెయ్యనన్నాడు. చెయ్యలేదు కూడా. ఖాళీ గడిలో ఒక్క మాట పెట్టి, అంటే అను లేకపోతే లేదు అని ఊరుకున్నాడు. జవాబు రాక, నాకు కోపమొచ్చిందనుకుని ఉంటాడు. పాపం, ఇన్నాళ్ళూ చాయ్‌లో చక్కెర వేసుకునే తాగుంటాడు.

ఉత్తరం నమూనా తెరిచి చూశాను. సాఫ్ట్‌వేర్‌కి సిగ్గూ ఎగ్గూ లేవు. "ప్రియమైన ఏమండీ గారూ" అని పైన వేసి కూర్చుంది.

అది పంపలేదు. సాఫ్ట్‌వేర్ మూసేసి మామూలు మెయిల్ తెరిచాను. ఒక ఉత్తరంలో ఒకటే సంగతి. ఒకే మనిషికి. ఇలా రాశాను:

"ఏమండీ, ఒకసారి మీ స్పామ్ చూసుకోండి. 'అవును, నేనే' అని నొక్కాలి."

పంపేశాను. ఆ మాట టైపు చేస్తే సరిపోలేదు. నోటికి ఇంకా వస్తుందో రాదో చూద్దామని బయటికి అన్నాను. మొదట మెల్లగా. తర్వాత కొంచెం గట్టిగా.

వంటింట్లోంచి షైస్తా "క్యా?" అంది.

నిన్ను కాదే, అన్నాను.